విలియం హోగార్త్: వీధిని చిత్రించిన చిత్రకారుడు

ఈ సంవత్సరము మన కళాశాల చిత్రకళా బృందమునకు చెందిన విద్యార్థినీ విద్యార్థులు సాంఘిక సమస్యలపై ఒక చిత్రమాలను తయారు చేయవలెనని సంకల్పించినారు. వరకట్నము, మద్యపానము, బాలకార్మికులు, వృద్ధుల నిరాదరణ అని విషయముల పట్టిక ఒకటి సిద్ధమైనది. పట్టిక చివర ఒక విద్యార్థిని మూగజీవుల హింస అను అంశమును చేర్చినది. అక్కడ వివాదము మొదలైనది. మనుష్యులే ఇన్ని బాధలు పడుచుండగా కుక్కల గూర్చి, గాడిదల గూర్చి బొమ్మలు వేయుట ఎంతవరకు సమంజసమని కొందరు ప్రశ్నించినారు. అది దయకు సంబంధించిన విషయమే గాని సాంఘిక సమస్య కాదని మరికొందరు వాదించినారు. ఆ సాయంకాలము ఏ నిర్ణయమును జరుగలేదు.

సలహా కొరకు వారు మా వద్దకు వచ్చినప్పుడు మేము తీర్పు చెప్పలేదు. రెండువందల డెబ్బది సంవత్సరములకు పూర్వము లండను నగరములో ఇదే ప్రశ్నకు నాలుగు బొమ్మలలో జవాబు చెప్పిన ఒక చిత్రకారుని కథను మాత్రము వినిపించినాము. దానిని వ్రాసి ఇమ్మని వారు కోరుటచేత ఈ పుటలలో పొందుపరచుచున్నాము.

విలియం హోగార్త్ 1697 నవంబరు 10వ తేదీన లండనులోని బార్తలోమ్యూ క్లోజ్ అను చోట జన్మించినాడు. ఆ యింటికి కూతవేటు దూరములో స్మిత్‌ఫీల్డు పశువుల సంత ఉండెడిది. నగరమునకు కావలసిన ఎడ్లు, గొర్రెలు దూరప్రాంతముల నుండి నడిచి నడిచి, కాళ్ళ గిట్టలు అరిగి, దెబ్బలు తినుచు ఆ సంతకు చేరుచుండెడివి. ఇరుకు సందులలో బెదరిన పశువు, దానిని కర్రతో మోదు తోలరి, ఆ దృశ్యమును చూచుచు నిలబడిన పిల్లలు – ఇది ఆ పేటలో నిత్యకృత్యము. ఇతర చిత్రకారులు బాల్యములో పూలను, దేవతామూర్తులను చూచి పెరిగినారని చదువుచుందుము. ఈయన చూచి పెరిగినది సంత.

తండ్రి రిచర్డ్ హోగార్త్ లాటిను పండితుడు. బడి నడిపినాడు, పాఠ్యపుస్తకములు వ్రాసినాడు. పాండిత్యము ఇల్లు గడపలేదు. చివరకు ఆయన ఒక కాఫీ హోటలు తెరచి, వచ్చినవారు అక్కడ లాటినులో సంభాషింపవచ్చునని ప్రకటించినాడు. ఆ రోజులలో లండనులో కాఫీ త్రాగువారికి కొదువ లేదు. కాఫీ త్రాగుచు లాటిను మాట్లాడువారే కరవైనారు. వ్యాపారము దెబ్బతిన్నది. అప్పులవారు ఊరుకొనలేదు. ఆ కాలపు చట్టము ప్రకారము ఋణము తీర్చలేనివానిని జైలులో పెట్టెడివారు. రిచర్డ్ ఫ్లీట్ కారాగారమునకు పోయినాడు. 1712లో విడుదలయ్యెడి వరకు కొన్ని సంవత్సరములు ఆ కుటుంబము జైలు నీడలోనే బ్రతికినది. విలియం వయస్సు అప్పుడు పది పదునైదు సంవత్సరముల నడుమ. తండ్రి 1718లో మరణించినాడు. పుస్తక వ్యాపారులు ఆశలు చూపి ఆయన శ్రమను పీల్చుకొన్నారని కుమారుడు జీవితాంతము నమ్మినాడు. ఈ మాట తరువాత మనకు అక్కరకు వచ్చును.

పెద్ద చదువునకు ఇంట డబ్బు లేదు. 1714లో ఎల్లిస్ గాంబుల్ అను నగిషీ పనివాని వద్ద విలియం శిష్యరికమునకు చేరినాడు. ధనవంతుల వెండి పళ్ళెములపై వారి వంశచిహ్నములను చెక్కుట అచ్చటి పని. సింహములను, డేగలను, లోకములో ఎచ్చటను లేని వింత మృగములను ఏండ్ల తరబడి చెక్కి చెక్కి ఆయన విసిగిపోయినాడు. 1720 నాటికి బయటకు వచ్చి, రాగిరేకుపై స్వంతముగా బొమ్మలు చెక్కి అచ్చు వేయు వృత్తిని ఆరంభించినాడు. మరుసటి సంవత్సరమే, దేశమందలి ధనవంతులను, సామాన్యులను కూడ ముంచివేసిన సౌత్ సీ కంపెనీ వాటాల పిచ్చిపై వ్యంగ్యచిత్రమును వెలువరించినాడు.

ఇచ్చట రాగిరేకు పనిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను, ఎందుకనగా హోగార్త్ కథ అంతయు దానితో ముడిపడియున్నది. నునుపైన రాగిరేకుపై ఉక్కుములికితో గీతలను తవ్వుదురు. సిరా పూసి, పైపైన తుడిచివేసినచో గీతల పల్లములలో మాత్రము సిరా నిలుచును. తడి కాగితమును దానిపై పరచి మరయందు గట్టిగా నొక్కినప్పుడు ఆ సిరా కాగితమునకు ఎక్కును. కుడి ఎడమలు తారుమారగును గనుక చెక్కువాడు అంతయు తలక్రిందుల లెక్కతో ఆలోచింపవలెను. శ్రమ ఎక్కువ. కాని ఒక్క రేకు నుండి వందలకొలది ప్రతులు వచ్చును. రంగులతో వేసిన పటము ఒక్క ప్రభువు గోడను అలంకరించును. అచ్చుబొమ్మ దుకాణపు కిటికీలో వ్రేలాడును, దారిన పోవు చాకలివాడును నిలబడి చూచును.

హోగార్త్ సర్ జేమ్స్ థార్న్‌హిల్ అను ప్రఖ్యాత చిత్రకారుని చిత్రశాలలో కొంతకాలము అభ్యాసము చేసినాడు. కాని గురువు ముందు కూర్చుండి బొమ్మకు నకలు తీయుట ఆయనకు రుచింపలేదు. వీధిలో చూచినదానిని మనస్సులో గీతలుగా మార్చుకొని, ఇంటికి వచ్చి వేయు జ్ఞాపకశక్తిని ఆయన పట్టుదలతో సాధన చేసినాడు. 1729లో ఆ థార్న్‌హిల్ కుమార్తె జేన్‌ను తండ్రి అనుమతి లేకయే వివాహమాడినాడు. మామగారి కోపము కొంతకాలమునకు చల్లారినది. ఆ దంపతులకు సంతానము కలుగలేదు.

ఆయనకు కీర్తి తెచ్చినది 1732లో వెలువడిన ఆరు బొమ్మల వరుస. పల్లెటూరి నుండి బండిలో లండనుకు దిగిన ఒక అమాయక బాలిక మోసగత్తె చేతిలో పడి, వేశ్యావృత్తిలోనికి జారి, జైలు పాలై, ఇరువదిమూడవ ఏట రోగముతో మరణించు వృత్తాంతము అది. కథను వరుస బొమ్మలలో చెప్పి, దానిని ప్రజలకు చందా పద్ధతిపై అమ్ముట ఆయన కనిపెట్టిన మార్గము. వరుసకు ఒక గినీ చొప్పున పన్నెండువందల మందికి పైగా చందాదారులైనారు. వెంటనే దొంగ ప్రతులును పుట్టినవి. ఇతర వ్యాపారులు ఆ బొమ్మలకు నకళ్ళు చెక్కించి చవుకగా అమ్ముకొన్నారు.

తండ్రికి జరిగినది తనకును జరుగుచున్నదని హోగార్త్ గ్రహించినాడు. తండ్రి దుఃఖించినాడు, కుమారుడు పార్లమెంటుకు పోయినాడు. తోటి కళాకారులను కూడగట్టి విజ్ఞప్తి చేయగా 1735లో చట్టము వచ్చినది. బొమ్మ చెక్కినవానికి పదునాలుగు సంవత్సరముల పాటు దానిపై హక్కు లభించినది. నేటికిని దానిని హోగార్త్ చట్టమని వ్యవహరింతురు. ఆయన తన తరువాతి వరుసను చట్టము అమలులోనికి వచ్చువరకు విడుదల చేయక ఆపియుంచినాడు. లోకజ్ఞానములేని కళాకారుని కథలు విని విని యున్న మనకు ఈ జాగ్రత్త ముచ్చట గొలుపును.

ఆ తరువాతి వరుసలో ఎనిమిది బొమ్మలు. తండ్రి ఆస్తిని జూదములో, విలాసములలో పోగొట్టుకొన్న యువకుడు చివరకు బెడ్లం అను పిచ్చాసుపత్రిలో గొలుసులతో నేలపై పడియుండును. అతని వెనుక ఇద్దరు నాగరిక స్త్రీలు విసనకర్ర అడ్డము పెట్టుకొని ఆ వింతను చూచుచుందురు. బెడ్లం రోగులను చూచుట ఆ రోజులలో లండనువాసులకు ఒక వినోదము. ఈ ఇద్దరు స్త్రీలను పాఠకులు మనస్సున ఉంచుకొందురు గాక. హోగార్త్ బొమ్మలలో బాధపడువాడు ఒక్కడే ఉండడు. చూచి ఆనందించువాడును ప్రక్కనే నిలబడియుండును.

ఆయన బొమ్మలు వేసి ఊరకున్న మనిషి కాడు. థామస్ కోరమ్ అను వృద్ధ నావికుడు వీధులలో విడువబడిన శిశువుల కొరకు అనాథశాలను స్థాపింప ఏండ్ల తరబడి తిరిగి 1739లో రాజానుమతిని పొందినాడు. హోగార్త్ దాని తొలి నిర్వాహకులలో ఒకడైనాడు. 1740లో కోరమ్ పటమును చిత్రించి సంస్థకు బహూకరించినాడు. తోటి చిత్రకారులను ప్రోత్సహించి వారి పటములను కూడ అచ్చటికి ఇప్పించినాడు. పటములు చూడ వచ్చినవారు పిల్లలను చూతురు, పిల్లలను చూచినవారు విరాళమిత్తురు. బిడ్డలు లేని ఆ దంపతులు ఆ సంస్థ పిల్లలను తమ ఇంట పెంపకమునకు కూడ తీసికొన్నారు.

1745 నాటి ఆయన స్వీయచిత్రమొకటి లండనులోని టేట్ చిత్రశాలలో నేటికిని ఉన్నది. అందు హోగార్త్ ముఖము ఒక అండాకారపు పటములో, షేక్‌స్పియర్, స్విఫ్ట్, మిల్టన్‌ల గ్రంథములపై ఆనించబడియున్నది. ఆ పటమునకు ముందు, యజమానికంటె నిజమైనదానివలె, ఆయన పెంపుడు కుక్క కూర్చుండియున్నది. దాని పేరు ట్రంప్. ఆ కుక్క ముఖమునకును యజమాని ముఖమునకును గల పోలిక యాదృచ్ఛికము కాదని మా అభిప్రాయము. రాజకుటుంబముల పటములలో కుక్క అలంకారముగా పాదములచెంత ఉండును. ఇచ్చట అది సమస్థాయిలో ఉన్నది.

ఇక 1751వ సంవత్సరమునకు వత్తము. లండనులో చవుక సారాయి అయిన జిన్ను పేదల బస్తీలను తినివేయుచుండెను. హోగార్త్ మిత్రుడు, నవలాకారుడు, న్యాయాధికారియు నైన హెన్రీ ఫీల్డింగ్ ఆ సంవత్సరారంభముననే నగరములో పెరుగుచున్న దొంగతనములకు కారణములను విచారించుచు ఒక పుస్తకమును ప్రకటించినాడు. ఫిబ్రవరిలో హోగార్త్ జిన్ను వీధి అను బొమ్మను వెలువరించినాడు. త్రాగిన మైకములో తల్లి చేతినుండి బిడ్డ మెట్లపై నుండి జారిపడుచుండును. ఒక మనుష్యుడు కుక్కతో పాటు ఒకే ఎముకను కొరుకుచుండును. ఆ సంవత్సరమే జిన్ను అమ్మకములను కట్టడి చేయు చట్టము వచ్చినది. అదే నెలలో ఆయన వెలువరించిన నాలుగు బొమ్మల వరుసయే మన కథకు కేంద్రము. దాని పేరు క్రౌర్యపు నాలుగు దశలు.

మొదటి బొమ్మ ఒక వీధి. సెయింట్ జైల్స్ పేటకు చెందిన ధర్మాదాయపు బాలుడు టామ్ నీరో, చిరిగిన కోటుతో, ఒక కుక్క శరీరములో బాణమును గ్రుచ్చుచున్నాడు. ఇద్దరు స్నేహితులు దానిని పట్టుకొనియున్నారు. చుట్టును పిల్లలే. కొందరు కాల్చిన తీగతో పక్షి కన్నులు పొడుచుచున్నారు. రెండు పిల్లులను తోకలకు త్రాడు కట్టి స్తంభమునకు వ్రేలాడదీసి అవి పోట్లాడుకొనుచుండగా కేకలు వేయుచున్నారు. కట్టివేసిన కోడిపైకి కర్రలు విసరుచున్నారు. అది ఆ దేశమున పండుగనాటి ఆట. ఒకడు కుక్క తోకకు ఎముకను కట్టుచుండగా ఆ కుక్క వాని చేతిని నాకుచున్నది. ఈ ఒక్క వివరమును చూచినప్పుడు మన విద్యార్థులలో ఒకరిద్దరు తలత్రిప్పుకొన్నారు.

ఇన్ని క్రూర వినోదముల నడుమ ఒక బాలుడున్నాడు. మంచి దుస్తులు ధరించినవాడు. టామ్ చేతిని అడ్డుకొనుచు, కుక్కను విడిచిపెట్టినచో తన చేతిలోని తినుబండారమును ఇచ్చెదనని చూపుచున్నాడు. అతని కన్నులలో నీరు నిండియున్నది. టామ్ అతనివైపు చూచుట లేదు. ఒక ప్రక్కన మరియొక కుర్రవాడు గోడపై బొగ్గుతో ఉరికంబమునకు వ్రేలాడు మనిషి బొమ్మ గీచి క్రింద టామ్ నీరో పేరు వ్రాసినాడు. ఆ గోడ బొమ్మను చూచి మేము ఆలోచనలో పడినాము. ఆ వీధిలో టామ్ భవిష్యత్తు అందరికిని తెలిసియే యున్నదన్నమాట. పెద్దవారు మాత్రము వీధిలో ఎచ్చటను అడ్డుపడుట లేదు.

రెండవ బొమ్మలో టామ్ పెరిగి బాడుగబండి తోలుచున్నాడు. బాడుగ కలిసివచ్చునని నలుగురు న్యాయవాదులు ఒకే బండిలో ఇరుకుకొని ఎక్కినారు. బరువునకు గుఱ్ఱము కూలి కాలు విరిగినది, బండి ఒరిగినది. టామ్ ఆ గుఱ్ఱమును కొరడా పిడితో మోదుచున్నాడు. న్యాయవాదులు తమ ప్రాణములు దక్కించుకొను తొందరలో ఉన్నారు. ప్రక్కన తోలరి దెబ్బలకు ఒక గొఱ్ఱెపిల్ల ప్రాణము విడుచుచున్నది. మోయలేని బరువుతో ఒక గాడిద. నిద్రపోవుచున్న బండివాని చక్రముల క్రింద ఒక చిన్న బిడ్డ. దూరమున ఆంబోతును కుక్కలచే కరిపించు వేడుక. గోడలపై కోడిపందెముల, ముష్టియుద్ధముల ప్రకటనలు. ఒక్క మనుష్యుడు మాత్రము నిలబడి టామ్ బండి నంబరును వ్రాసికొనుచున్నాడు. మొదటి బొమ్మలో ఏడ్చు బాలుడు, రెండవ బొమ్మలో నంబరు వ్రాసికొను పౌరుడు. దయ బాల్యములో కన్నీరుగా ఉండి, పెద్దయైన తరువాత ఫిర్యాదుగా మారినదని మా వ్యాఖ్యానము.

ఈ రెండవ బొమ్మ యందే మన బృందములోని వివాదమునకు జవాబున్నది. గాడిద, గొఱ్ఱెపిల్ల, బిడ్డ – మూడును ఒకే వీధిలో, ఒకే క్షణమున నలుగుచున్నవి. హోగార్త్ వానిని వేరువేరు కాగితములపై వేయలేదు. గుఱ్ఱము కూలుటకు టామ్ కొరడా ఒక్కటే కారణము కాదు, బాడుగలో పొదుపు చేసిన నలుగురు పెద్దమనుష్యుల బరువును కారణమే. జంతుహింస పేదవారి దుర్గుణమని, దయ ఉన్నవారి సొత్తని భావించువారికి ఈ బొమ్మ ఇబ్బంది కలిగించును.

మూడవ బొమ్మలో అర్ధరాత్రి శ్మశానము. టామ్ మాటలు నమ్మి యజమానురాలి సొమ్ము దొంగిలించి తెచ్చిన ఆన్ గిల్ అను గర్భవతియైన పనిపిల్ల గొంతు కోయబడి పడియున్నది. గ్రామస్థులు లాంతర్లతో వచ్చి టామ్‌ను పట్టుకొన్నారు. కుక్కతో ఆరంభమైనది మనిషితో ముగిసినది.

నాలుగవ బొమ్మ మమ్ములను నేటికిని కలవరపెట్టుచున్నది. ఉరితీయబడిన టామ్ దేహము శస్త్రవైద్యుల బల్లపై ఉన్నది. మెడకు త్రాడు ఇంకను ఉన్నది. వైద్యులు దానిని కోయుచున్నారు. ఎత్తైన పీఠముపై ప్రధాన వైద్యుడు న్యాయమూర్తివలె కూర్చుండి కర్రతో చూపుచున్నాడు. క్రింద ఒక కుక్క టామ్ గుండెను తినుచున్నది. హంతకుల దేహములను కోతకు ఒప్పగింపవలెనను చట్టము 1752లో, అనగా ఈ బొమ్మ వచ్చిన మరుసటి సంవత్సరము, వచ్చినది. కుక్కకు న్యాయము జరిగినదని సంతోషింపవలెనా? వైద్యుల ముఖములలో దయ అన్నది మచ్చునకైనను లేదు. మొదటి బొమ్మలో కుక్కను పట్టుకొన్న పిల్లల ముఖములే ఇచ్చట పెద్దరికపు టోపీలు ధరించినవని తోచును. హోగార్త్ ఈ శిక్షను మెచ్చుకొన్నాడో, శిక్షించువారిని కూడ క్రూరుల వరుసలో నిలిపినాడో విమర్శకులు నేటికిని వాదించుకొనుచున్నారు. మేము రెండవ పక్షము వారము. అయినను బెదిరింపుతో దయను నేర్పజూచుట ఈ వరుసలోని లోపమనియే మా విశ్వాసము.

ఈ బొమ్మలను హోగార్త్ ఎవరి కొరకు వేసినాడో ఆయనకు స్పష్టముగా తెలియును. ప్రభువుల గదుల కొరకు కాదు. బండి తోలువాడు, తోలరి, దుకాణములలో పని నేర్చుకొను కుర్రవాడు చూడవలెను. అందుచేత ఆయన తన సున్నితమైన పనితనమును కావలెనని ప్రక్కకు పెట్టినాడు. గీతలు మోటుగా, లోతుగా, దూరమునుండియే తెలియునట్లు చెక్కినాడు. నాజూకైన చెక్కడము ధరను పెంచును, ఉద్దేశించినవారికి బొమ్మ అందకుండ చేయునని ఆయన వాదము. ఇంకను చవుక చేయదలచి, జాన్ బెల్ అను పనివానిచే చివరి రెండు బొమ్మలను కొయ్యదిమ్మెలపై చెక్కించినాడు. కాని ఆ పద్ధతి అనుకొన్నదానికంటె ఖరీదైనదని తేలి, దానిని విడిచి తిరిగి రాగిరేకుకే వచ్చినాడు. బొమ్మ ఒక్కింటికి ధర ఒక షిల్లింగు. మంచి కాగితముపై కావలసినవారికి ఒకటిన్నర షిల్లింగు. ఒక షిల్లింగనగా కూడ కూలివాని దినవేతనములో పెద్దభాగమే. కాబట్టి పేదవాడు ఆ బొమ్మను కొని ఇంటికి తీసికొనిపోయియుండునని మేము చెప్పజాలము. దుకాణపు కిటికీలో, సారాయి అంగడి గోడపై చూచియుండును.

తన పటములన్నింటిలో హోగార్త్ ఈ మోటు బొమ్మలను గూర్చియే ఎక్కువ గర్వపడినాడు. వీనివలన క్రూరత్వము కొంతయైనను తగ్గియుండినచో, రఫాయెల్ మహాచిత్రములకు కర్తనగుటకంటె వీనికి కర్తనైనందుకే ఎక్కువ సంతసింతునని ఆయన తెలిపినాడు.

తరువాతి జీవితమును త్వరగా ముగింతుము. 1753లో సౌందర్యశాస్త్రముపై గ్రంథము వ్రాసినాడు. వంకరలు తిరిగిన సర్పరేఖయందే అందమున్నదని ఆయన సిద్ధాంతము. 1757లో రాజుగారి ఆస్థాన చిత్రకారుడైనాడు. 1759లో కోడిపందెపు బరిని గూర్చి ఒక బొమ్మ వేసినాడు. సంక్రాంతి రోజులలో గోదావరి తీరమున బరులను చూచినవారికి ఆ బొమ్మ పరాయిదిగా తోచదు. నడుమ గ్రుడ్డివాడైన ఒక ప్రభువు పందెము కాయుచుండును. కోళ్ళను ఆయన చూడనైనను లేడు. ఆయన సొమ్మును ప్రక్కవాడు కాజేయుచుండును. బాకీ చెల్లింపని ఒకనిని బుట్టలో పెట్టి పైకప్పునకు వ్రేలాడదీసినారు. వాని నీడ మాత్రము బరిలో పడుచున్నది. కోళ్ళు చిన్నవి, మనుష్యుల ముఖములు పెద్దవి.

చివరి సంవత్సరములు కలహములతో గడచినవి. 1762లో ప్రభుత్వ పక్షమున ఒక రాజకీయ చిత్రము వేయగా పాత మిత్రులు జాన్ విల్క్స్, చార్లెస్ చర్చిల్ ఆయనపై కలము ఎత్తినారు. హోగార్త్ విల్క్స్ మెల్లకన్నును ఎత్తిచూపుచు బొమ్మ వేసినాడు. చర్చిల్‌ను ఎలుగుబంటిగా మార్చినాడు. అందుకొరకు ఆయన ఎన్నుకొన్నది తన స్వీయచిత్రము చెక్కిన పాత రాగిరేకునే. తన ముఖమును చెరిపి అచ్చట ఎలుగుబంటిని చెక్కినాడు. కుక్కను మాత్రము ఉంచినాడు. శరీరలోపమును ఎగతాళి చేయుట, ఫ్రెంచివారిని హీనముగా చిత్రించుట వంటి దోషములు ఆయనలో ఉన్నవి. క్రూరత్వమును ఖండించిన చేయియే అప్పుడప్పుడు క్రూరముగా గీచినదని ఒప్పుకొనక తప్పదు.

1764 అక్టోబరు 26వ తేదీ ఆయన లండనులోని తన యింట మరణించినాడు. చిస్విక్ గ్రామమున, తన తోట ఇంటికి దగ్గరి దేవాలయ ప్రాంగణములో సమాధి చేసినారు. ఆ తోటలో ఆయన తన పెంపుడు జంతువులను పాతిపెట్టి గురుతులు నిలిపియుండెను. భార్య జేన్ రాగిరేకులను కాపాడుకొని ప్రతులు అమ్ముచు జీవించినది. 1767లో పార్లమెంటు ఆమెకు ప్రత్యేకముగా మరి ఇరువది సంవత్సరముల హక్కును ప్రసాదించినది. ఆమె 1789లో కన్నుమూసినది.

ఆ బొమ్మల వలన క్రూరత్వము తగ్గినదా అని మన విద్యార్థులు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. 1800లో ఆంబోతుల వినోదమును నిషేధింప తెచ్చిన బిల్లు పార్లమెంటులో వీగిపోయినది. పశువులను, గుఱ్ఱములను, గొఱ్ఱెలను హింసించుటను నేరముగా చేసిన చట్టము రిచర్డ్ మార్టిన్ కృషి వలన 1822లో గాని రాలేదు. అనగా ఈ బొమ్మలు వచ్చిన డెబ్బదియొక్క సంవత్సరములకు. జంతుహింసా నివారణ సంఘము 1824లో ఏర్పడినది. ఆంబోతుల, కోళ్ళ పోటీలు 1835లో నిషేధింపబడినవి. మన దేశమున అట్టి సంఘమును 1861లో కలకత్తాలో స్థాపించినవాడు కోల్స్‌వర్తీ గ్రాంట్. ఆయనయు వృత్తిచే చిత్రకారుడే. 1960 నాటి మన జంతుహింసా నిరోధక చట్టము వెనుక రాజ్యసభలో పట్టుబట్టిన రుక్మిణీదేవి అరండేల్ నాట్యకళాకారిణి. జంతువులను పోట్లాటకు పురికొల్పుట ఆ చట్టము ప్రకారము నేరము. బొమ్మ వలన చట్టము వచ్చినదని మేము అనలేము. చట్టము వచ్చు లోపల మూడు తరముల పిల్లలు దుకాణపు కిటికీలలో ఆ కుక్కను చూచినారని మాత్రము అనగలము.

ఇది విన్న తరువాత బృందము మరల సమావేశమైనది. మూగజీవుల హింస ప్రత్యేకాంశముగా పట్టికలో ఉండదని నిర్ణయించినారు. వరకట్నపు బొమ్మలోను, మద్యపానపు బొమ్మలోను, బాలకార్మికుని బొమ్మలోను, ఇటుకబట్టీ గాడిదయో, రాయి తగిలిన వీధికుక్కయో ఆ వీధి మూలన కనిపింపవలెనట. నూనెరంగులను మాని లినోలియం పలకలపై చెక్కి నల్లసిరాతో అచ్చు వేయుటకు అంగీకరించినారు. పలకలు ఇప్పటికి నాలుగు చెక్కినారు. ఒకటి తలక్రిందుల లెక్క తప్పి అక్షరములు ఎదురుగా పడినవి, మరల చెక్కుచున్నారు. తయారైన ప్రతులను సమావేశ మందిరములో వ్రేలాడదీయుటయా, అనుమతి తీసికొని బస్టాండు గోడకు అంటించుటయా అనునది ఇంకను తేలలేదు. కమిటీ వారు మందిరము వైపు మొగ్గుచున్నారు. విద్యార్థులు బస్టాండు కావలెనని కోరుచున్నారు.